తుమ్మలబాడు తలుపు

మూడో ఇంటి ముందు కూడా చౌడేశ్వరి ‘తెరవలేదు’ అనే మీటనే నొక్కింది. చేతిలో ఉన్న పలకకు మీటలు రెండే: తెరిచారు, తెరవలేదు. ఇంటికి అసలు తలుపే లేకపోతే ఏది నొక్కాలో, నియమావళి రాసిన మహానుభావులకు తట్టలేదు.

గడప ఉంది. గడపకు పసుపు ఉంది. ద్వారబంధానికి బందులు ఊడబెరికిన గుంతలు కూడా ఉన్నాయి. తలుపు మాత్రం లేదు. లోపల ఒకావిడ కొర్రలు చెరుగుతూ తలెత్తి చూసి, మళ్లీ చేటలోకి చూపు దించుకుంది.

“దాహంగా ఉంది. నీళ్లిస్తారా?” అంది చౌడేశ్వరి. ఏడిళ్ల ముందూ ఇదే మాట, ఇదే గొంతుతో అడగాలి. గొంతు మారితే పలక ఒప్పుకోదు.

“నీ సంచిలో సీసా కనపడ్తాంది గదమ్మా. అది తాగు,” అంది ఆవిడ తల ఎత్తకుండానే.

వెనకాల వీపున, సాక్షుల మాటలు తూచే మాటతక్కెడ పెట్టె మోస్తున్న మద్దిలేటి కిసుక్కున నవ్వాడు. చౌడేశ్వరి వాడివైపు ఒక చూపు విసిరి నాలుగో ఇంటికి కదిలింది. అక్కడ ఒక ముసలాయన ఆమెను చూడగానే కుక్కిమంచం తిప్పి వేసుకుని, వీపు ఇటు పెట్టి పడుకున్నాడు. అయిదో ఇంట్లో ఇద్దరు పిల్లలు నీళ్లు అడిగిన మాటను ఆమె గొంతుతోనే వెక్కిరించారు. ఆరు, ఏడు ఇళ్లలో మనుషులు ఉండి కూడా పలకలేదు. ఏడుసార్లు ‘తెరవలేదు’. పలక ఎర్రగా వెలిగి ఆరింది.

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఆమె తూచిన ఊళ్లు యాభై పైమాటే. తూనికదారు వస్తోందంటే ఏ ఊరైనా పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా తయారవుతుంది. గోడలకు సున్నాలు, గుమ్మాలకు తోరణాలు, ప్రతి ఇంటి ముందూ చెంబు పట్టుకుని ఒక నవ్వుమొహం. దాహం లేదన్నా వినరు, గొంతులో పోస్తారు. ఆమె రైలెక్కగానే ఆ చెంబులు అటకెక్కుతాయని ఆమెకూ తెలుసు, ఊళ్ల పేర్లకు బలం కట్టే నామమండలికీ తెలుసు. ఈ తుమ్మలబాడు మాత్రం తల కూడా దువ్వుకోకుండా కూర్చుంది. పేరు పోయిన ఊరికి పొగరెక్కువ అని చౌడేశ్వరి మనసులో అనుకుంది. అనుకోవడమే కాదు, నమ్మింది కూడా. ఎర్రగట్టులో పుట్టినవాళ్లు ఆ మాటను ఉగ్గుపాలతో తాగుతారు.

తుమ్మలబాడు పేరుబలం ముప్ఫై ఒకటి. ఆ అంకె ఈ ఊళ్లోని ప్రతి మనిషి మణికట్టు మీదా బూడిద రంగులో మెరుస్తూ ఉంటుంది. వందకు దిగువన ఉన్న ఊళ్లో రైలు ఆగదు, గాలిఫోను మోగదు. ఆ ముద్ర చూస్తే పై ఊరి ఆస్పత్రి గేటు తెరుచుకోదు. చౌడేశ్వరి మణికట్టు మీద పచ్చటి అంకె వెయ్యి. వెయ్యి అంటే ఎర్రగట్టు ఒక్కటే. దేశంలో మూడువందల పన్నెండు ఊళ్లుంటే, వాటన్నిటినీ తూచే తూనికరాయి ఎర్రగట్టు. అంకె పక్కన చిన్న బొమ్మ ఉంటుంది: నిండు కడవ, దాని మీద ముంత పట్టుకున్న ఒక మగ చెయ్యి. ఆ చెయ్యి ఆమె తండ్రిది. ఆ సంగతి ఆమె ఉద్యోగంలో ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకోకుండానే జీవితమంతా దాని నీడన బతికింది. రాజధానిలో ఉన్న కూతురు రేపు కాన్పుకు ఆస్పత్రిలో చేరబోతోంది. ఆ ఆస్పత్రి గేటు కూడా ముందు మణికట్టే చూస్తుంది.

“మేడం, ఏడూ అయిపోయినాయి. సాక్షుల్ని కూడా గబగబా కానిచ్చేస్తే మూడున్నర బండి దొరుకుతుంది,” అన్నాడు మద్దిలేటి. వాడిది కోనేటిగడ్డ, ఎనిమిదివందల డెబ్బై. పని తెలిసినవాడు, పని తగ్గించుకోవడం ఇంకా బాగా తెలిసినవాడు. ఆ బండి ఈ ఊళ్లో ఆగేది కూడా వీళ్లిద్దరి కోసమే, ఈ ఒక్కరోజే.

ఈ ఒక్కరోజే ఎందుకంటే, తుమ్మలబాడు మచ్చకు ఇవాళ్టితో నలభై ఏళ్లు నిండుతున్నాయి. మచ్చకు సగం ఆయువు తొమ్మిదేళ్లు. ఎవరూ ఆ మాట ఎత్తకపోతే తొమ్మిదేళ్లకు సగం అరుగుతుంది, పద్దెనిమిదేళ్లకు ముప్పాతిక. ఎవరైనా ఎత్తితే మళ్లీ మొదటికొస్తుంది. ఊరి దురదృష్టం, దాని మచ్చ సామెత అయింది. పిలిస్తే పలకని పిల్లను తల్లి ‘తుమ్మలబాడు తలుపా!’ అని తిడుతుంది. జలుబుతో మూసుకుపోయిన ముక్కును కూడా ‘తుమ్మలబాడు తలుపైంది’ అంటారు. ఎక్కడ ఎవరు ఆ మాట అన్నా వీధుల్లో ఉన్న చెవిస్తంభాలు విని మండలికి పంపుతాయి. నిన్న ఒక్కరోజే పద్నాలుగువేల సార్లు. నలభై ఏళ్లకూ అరగని మచ్చ పచ్చబొట్టవుతుంది. సాయంత్రం అయిదుకు ఊరి పేరు తీసేస్తారు. నీళ్ల గొట్టం మూసేస్తారు. తొమ్మిదివందల మందినీ పదకొండు శిబిరాలకు పంచిపెట్టి, మణికట్టు మీద ఊరి చోట ఖాళీ పెడతారు.

మచ్చ కథ పిల్లలకు మూడో తరగతిలో ఉంటుంది. ‘ఎండల ఏడు’ అని పేరుపడ్డ కరువు సంవత్సరంలో కోస్తా నుంచి రెండువందల పద్నాలుగు మంది నడిచి పైకొచ్చారు. ఎర్రగట్టు ఊరు వాళ్ల దాహం తీర్చింది. తుమ్మలబాడు ఊరంతా తలుపులకు తాళాలు వేసుకుంది. ఆ తలుపులు బాదీ బాదీ అరవై ఒక్కమంది గడపల మీద ప్రాణం విడిచారు. బతికినవాళ్ల సాక్ష్యమే ఉంది. పరదేశి మాట కాబట్టి పూర్తి బరువు, ఒకటి.

పంచాయతీ గదికీ తలుపు లేదు. గోడకు పాతకాలపు నల్ల తీగఫోను, బల్ల, రెండు బెంచీలు. మద్దిలేటి మాటతక్కెడ దించి ఇత్తడి పలక తుడిచాడు. మూత లోపలి అద్దంలో మూడువందల పన్నెండు ఊళ్ల అంకెలూ నక్షత్రాల్లా వెలిగాయి. ఊరి జనం గుమ్మం బయట ఎండలో నిలబడ్డారు. ఎవరూ కూర్చోమనలేదు. ఎవరూ నమస్కారం పెట్టలేదు.

మొదటి సాక్షి నలభై ఏళ్లవాడు. అరచెయ్యి ఇత్తడి మీద చరిచినట్టు పెట్టాడు.

“పేరు?” అంది చౌడేశ్వరి.

“హుసేనప్ప.”

“ఊరు?”

“అది మీరే చెప్పల్ల. ఆ నడిచొచ్చిన గుంపులో నేనూ ఉండా. మూడు నెలల పిల్లోణ్ని. మాయమ్మ ఈ ఊరి గడప మీదనే పోయింది. నన్ను ఈ ఊరే సాకింది. ఇప్పుడు చెప్పండి, నేను పరదేశినా, ఈ ఊరోణ్నా?”

చౌడేశ్వరి తక్కెడ వైపు చూసింది. జవాబు చెప్పడం తన పని కాదు.

“ఈ ఊరోళ్లు చెడ్డోళ్లయితే ఆ గడప మీదనే నన్నూ వదిలేసేవోళ్లు. నా మాట ఇంతే,” అన్నాడు హుసేనప్ప.

తక్కెడ గొంతు ఎప్పటిలాగే తీరిగ్గా పలికింది: “సాక్షి ముద్ర తుమ్మలబాడు. సొంత ఊరిని పొగిడిన మాట. బరువు సున్న.”

బయట జనంలో ఎవరో ఉమ్మేశారు. హుసేనప్ప చెయ్యి తీసి మణికట్టు ఆమె మొహం ముందు పెట్టాడు.

“మా పాపకు కన్ను పోతాంటే రెండు దినాలు ఆస్పత్రి గేటుకాడ పడుకున్నాం. తెరుచుకోలే. ఒక కన్నుతోనే ఇంటికి తెచ్చుకున్నాం. తలుపులు ఉండేది మీకు మేడం, మాకు కాదు. పేరు మాత్రం మాకు పెట్టినారు.”

“తర్వాతి సాక్షి,” అంది చౌడేశ్వరి. గొంతు మారలేదు. కాని రేపు కూతురు నిలబడబోయే గేటు ఒక్క క్షణం కళ్లముందు మెదిలింది, అది ఆమెకు నచ్చలేదు.

రెండో సాక్షి ఊరిపెద్ద సుంకులమ్మ. డెబ్బై దాటింది. మనిషి ఎండు చింతబరికెలా ఉంది. వచ్చి బెంచీ మీద కూర్చుంది కాని చెయ్యి ఇత్తడి దగ్గరకు పోనివ్వలేదు.

“చెయ్యి పెట్టు అవ్వా,” అన్నాడు మద్దిలేటి.

“పదమూడుసార్లు పెట్టినా నాయనా. పదమూడుసార్లూ సున్ననే. ఇంక ఆ పెట్టెతో నాకు మాటల్లేవు. ఈయమ్మతో చెప్తా. ఇంటే ఇననీ, లేకుంటే ఆ బండెక్కి పోనీ.”

“నియమం ప్రకారం అది సాక్ష్యం కాదు,” అంది చౌడేశ్వరి.

“కాకపోనీలే. ఏడిండ్లకాడ దాహం అని అబద్ధం ఆడినావు గదా, అంతసేపు నా నిజం ఇంటే నీదేం పోతాది?”

చౌడేశ్వరికి ఒళ్లు మండింది. అయినా లేవలేదు. బండికి ఇంకా గంటన్నర ఉంది.

“ఆ పొద్దు ఈ ఫోనుకాడ ఉన్నింది నేనే. పంచాయతీలో గుమాస్తాని. పొద్దున తొమ్మిదికి ఫోను వచ్చింది. రెండొందలమంది నడిచొస్తాండారు, ఆడోళ్లు, పిల్లోళ్లు, పెద్దదారిన మీ ఊరికే వస్తారు, ఎదురుపోండి అని. మా ఆచారం వాళ్లకు తెలుసు గదా, అందుకే అట్ల చెప్పినారు.”

“ఏం ఆచారం?”

“ఎదురునీళ్లు. నడిచొచ్చేటోళ్లను మన గడపదాకా రానీయకూడదు. గడపకాడికి వచ్చి అడిగిందాకా ఊరుకుంటే అది ఇచ్చినట్టు కాదు, అడుక్కున్నోళ్లకు ఏసినట్టు. పొలిమేర రాయికాడికే నీళ్లు తీసుకొని పోవల్ల. మా అవ్వల కాలం నుంచి అంతే.” సుంకులమ్మ గొంతు ఎక్కడా తడబడలేదు. ఇదంతా వెయ్యిసార్లు చెప్పి అరిగిన గొంతు. “ఊరంతా పోయినాం. ముసలోళ్లు, చంటిపిల్లోళ్లు, అందరం. ఇంట్లో చుక్క మిగల్చకుండా మున్నూరు బిందెలు ఎత్తుకున్నాం. ఆ ఏడాది కోతులు నీళ్లకోసం ఇండ్లల్లో పడతాండె. అందుకని తాళాలు ఏసినాం. తొమ్మిది మైళ్లు. పొలిమేరకాడ సాయంత్రందాకా నిలబడినాం. ఒక్క మనిషి రాలే. వాళ్లు గనిదారిన వచ్చినారమ్మా. మేము పెద్దదారిన పోతిమి, వాళ్లు గనిదారిన వచ్చిరి. తాళాలేసిన ఊరు కనపడె వాళ్లకు.”

సుంకులమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది.

“తిరిగొచ్చేసరికి ఏ గడప చూసినా మనిషే. మున్నూరు బిందెలు నెత్తిన పెట్టుకొని చచ్చినోళ్ల ముందర నిలబడినాం. అరవై ఒక్కరికి కట్టెలు యాడివి? చెట్లన్నీ అంతకు ముందే పొయ్యిలోకి పోయినాయి. తలుపులు ఊడబెరికినాం. మా ఇంటి తలుపు మీదనే ఈ హుసేనప్ప వాళ్లమ్మను మోసినారు. అది ఆమెతోపాటే పోయింది. మళ్లా ఎవురం తలుపు పెట్టుకోలే. పెట్టుకోబుద్ధి కాలే.”

చౌడేశ్వరి చేతిలో పలక ఉంది. దాని మీద ఏడు ‘తెరవలేదు’లు ఉన్నాయి. నలభై ఏళ్లుగా పదమూడుమంది తూనికదార్లు వచ్చి ఇదే మీట ఏడేసిసార్లు నొక్కి పోయారు. లేని తలుపు తెరవలేదని ఒక ఊరికి శిక్ష వేసుకుంటూ పోయారు. అది తలుచుకుంటే ఆమెకు మొదటిసారి సిగ్గనిపించింది. సిగ్గు వెంటనే కోపమైంది, ఆ కోపం ఎవరిమీద చూపాలో తెలియలేదు.

“ఆ ఫోను చేసింది ఎవరు?” అని అడిగింది.

“ఎర్రగట్టు గేటు నుంచి. గేటు ఓబులేసు.”

మద్దిలేటి పెట్టె సర్దుకుంటున్నాడు, వాడికి ఆ పేరు ఏమీ కాదు. చౌడేశ్వరి చేతిలోని పలకను బల్ల మీద బోర్లా పెట్టింది.

“ఆ మాట ఒక్కటి వాడు మండలి ముందర చెప్పింటే చాలు గదా,” అంది సుంకులమ్మ. “పెద్దదారి అని చెప్పి, దారి ఏంటికి మార్చినావురా, మార్చినోడివి ఇంకో ఫోను చెయ్యకుంటివే అని అడగాలని నాకు. ఆర్నెల్లు చేసినా. గేటుకు చేస్తే పెట్టేసేవోడు. ఇంటికి చేస్తే ఒక పాప ఎత్తేది. మీ నాయన ఉండాడా పాపా అంటే, లేడు అనేది. రోజూ అదే మాట. లేడు. ముద్దుగొంతు. ఆ గొంతును నలభై ఏండ్లుగా తిడతాండా.”

ఏడేళ్ల వయసులో చౌడేశ్వరికి ఫోను ఎత్తడం పెద్ద సరదా. నాన్న ఫోను మోగితే పెరట్లోకి పోయేవాడు. బాదం చెట్టు కింద నిలబడి, కిటికీలోంచి ఆమెకు కనిపించేలా అరచెయ్యి అటూ ఇటూ ఊపేవాడు. లేనని చెప్పు. ఆమె చెప్పేది. అదొక ఆట అనుకునేది. చచ్చేదాకా ఆయన ఏ ఫోనూ ఎత్తలేదు. ఊళ్లో అందరూ అది పెద్దమనిషి వింతల్లో ఒకటనుకున్నారు. ఆరేళ్ల కిందట చివరి జ్వరంలో ఆమె చెయ్యి పట్టుకుని కలవరించాడు. ‘పెద్దదారిన తూనికదార్ల బండి వస్తాందంటిరి, కడవ ముట్టనీయొద్దంటిరి, గనిదారి దగ్గర దారే గదమ్మా, ఆరు మైళ్లు తగ్గుతాది గదా.’ జ్వరం మాటలనుకుని ఆమె తడిగుడ్డ మార్చింది.

“మద్దిలేటీ, తూనికరాయి మూలపత్రం చదివించు,” అంది.

“ఇప్పుడా? ఎందుకు మేడం?”

“చదివించు.”

తక్కెడ చదివింది: “ఎండల ఏడు. తొలి తూనికదార్ల రాక. ఉదయం పదకొండున్నర గంటలకు ఎర్రగట్టు గేటు వద్ద ఎనిమిది బిందెల కడవ అంచుదాకా నిండి ఉన్నది. రెండువందల పద్నాలుగు మంది పరదేశులు దాటిపోయిన పిమ్మట సైతం కడవ ఎండలేదు. ఇట్టి ఊరు వేరొకటి లేదు గనుక దీనినే ప్రమాణముగా స్వీకరించడమైనది.”

“గుంపు గేటు దాటింది ఎన్నింటికి?”

“పదకొండు గంటల అయిదు నిమిషములకు.”

“ఆ రోజు ఎర్రగట్టుకు నీళ్లబండి?”

“సాయంత్రం ఆరు గంటలకు ఒక్కటి.”

మూడో తరగతిలో ఆమె ఈ పాఠం కంఠతా పట్టింది. అక్షయ కడవ అని దానికి పేరు. రెండువందలమంది తాగినా తగ్గని కడవ. టీచరు చెబుతుంటే పిల్లలందరూ ఆమె వైపు తిరిగి చూసేవాళ్లు, ఆమె మెడ నిక్కించుకుని కూర్చునేది. ఎనిమిది బిందెలు ఎంతమందికి వస్తాయో లెక్కకట్టడం ఎనిమిదేళ్ల పిల్లకు రాదనుకుందాం. పంతొమ్మిదేళ్లుగా ఊళ్లను తూచే ఆడదానికేం రోగం? కడవ తగ్గకపోవడంలో మహత్తు ఏముంది? ఎవరినీ ముట్టనివ్వలేదు, అంతే. బతికినవాళ్లు కూడా కడవ నిండుగా ఉందని చెప్పారు. నిజమే చెప్పారు. తాగారా అని వాళ్లనెవరూ అడగలేదు, ఆ ప్రశ్నకు పలకలో మీట లేదు.

ఆమె మొహం చూసే మద్దిలేటికి సంగతి సగం అర్థమైంది. గొంతు తగ్గించాడు.

“మేడం. అవ్వ చెయ్యి పెట్టలేదు, ఏదీ రికార్డు కాలేదు. ఏడు తెరవలేదు, ఒక సున్న. కాగితం మూసేద్దాం. లేవండి.”

“గేటు ఓబులేసు మా నాన్న.”

వాడు మాటతక్కెడకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“అయితే మరీ లేవండి. అది తూనికరాయండీ. దాన్ని కదిపితే ఒక్క ఎర్రగట్టు కాదు పోయేది. మా కోనేటిగడ్డ ఎనిమిదివందల డెబ్బై దేన్ని చూసి ఇచ్చారు? మీ వెయ్యిని చూసి. మూడువందల పన్నెండు ఊళ్ల పరువు మీ నాలుక మీద పెట్టుకుని ఆడకండి. మావాళ్లేం పాపం చేశారు? రేపు మీ అమ్మాయి ఆ గేటు ముందు ఏ ముద్ర చూపిస్తుంది?”

అది బెదిరింపు కాదు. నిజమే అన్నాడు, అందుకే గుచ్చుకుంది. చౌడేశ్వరి గుమ్మం బయటకు చూసింది. హుసేనప్ప కాళ్లను చుట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. ఒక కన్నుతో చూడ్డానికి మెడ పక్కకు తిప్పి చూస్తోంది. తన కూతురికి రేపు గేటు తెరుచుకోకపోవచ్చు. తెరుచుకోకపోతే తను వెళ్లి ఆ గేటు పగలగొట్టాలి. ఈ పిల్లకు తెరుచుకోనప్పుడు మాత్రం పగలగొట్టడానికి ఎవరూ పోలేదు. సాయంత్రం అయిదుకు గొట్టం మూసేస్తే, నాన్న చేసిన పనిని ఈసారి తను చేసినట్టు. అప్పుడు ఆయనకు తెలియకపోవచ్చు, అటు పోయినవాళ్లు ఏమవుతారో. తనకు తెలుసు.

“పక్కకు జరుగు మద్దిలేటీ.”

“మేడం—”

“జరగరా!”

వాడు జరిగాడు. తూనికదారు తన చెయ్యి ఇత్తడి మీద పెట్టడం ఆ యంత్రం పుట్టాక జరగలేదు. పెట్టకూడదని నియమం కూడా లేదు. ఏ తూనికదారైనా పెడతాడని ఎవరికీ తోచలేదు మరి. ఇత్తడి వేడిగా ఉంది, హుసేనప్ప చెమట ఇంకా ఆరలేదు.

“పేరు చౌడేశ్వరి. ఊరు ఎర్రగట్టు. గేటు ఓబులేసు బిడ్డని.” పంతొమ్మిదేళ్లుగా కొలిచి వాడిన గొంతు తప్పిపోయి, చిన్నప్పటి గొంతు వచ్చింది. ఆమె ఆపుకోలేదు. “ఆ పొద్దు మా గేటుకాడ ఎవురికీ చుక్క నీళ్లు పోయలే. తూనికదార్లకు కడవ నిండుగా కనపడల్లని మా పెద్దలు ముట్టనీయలే. మా నాయన ముందు ఈ ఊరికి ఫోను చేసి పెద్దదారి అని చెప్పినాడు. దారి మార్చల్సి వస్తాదని అప్పటికి ఆయనకు తెలీదు. తర్వాత తూనికదార్ల కంట పడకూడదని పెద్దలు చెప్తే గుంపును గనిదారిన తోలినాడు. మళ్లా ఫోను చేయలే. చేస్తే దారి ఏంటికి మారిందో చెప్పల్ల గదా. పోయేముందు ఆయన నోటితోనే నాకు చెప్పినాడు, నేను చెవిన పెట్టలే. ఈ ఊరోళ్లు ఫోను చేస్తే లేడని చెప్పింది నేను. ఆయన పెరట్లోనే ఉండె. తుమ్మలబాడు తలుపు మూసింది ఎర్రగట్టు.”

తక్కెడ ఎప్పుడూ తీసుకోనంత సేపు తీసుకుంది.

“సొంత ఊరిని తప్పుపట్టిన మాట. బరువు ఏడు,” అంది. మళ్లీ ఆగింది. “తూనికరాయి మీద సొంతబిడ్డ సాక్ష్యం. నియమావళి మొదటి పుట, మొదటి వాక్యం: రాయి మీద అనుమానం కలిగినచో తూకం ఆపవలెను. తూకం ఆపడమైనది.”

మూత లోపలి అద్దంలో వెయ్యి ఆరిపోయింది. దాని వెనక తొమ్మిదివందల తొంభై, తర్వాత తొమ్మిదివందల అరవై, అలా దొర్లుకుంటూ ఒక్కొక్కటీ ఆరింది. ఎనిమిదివందల డెబ్బై ఆరుతుంటే మద్దిలేటి చూడలేక తల తిప్పుకున్నాడు. చివరన ముప్ఫై ఒకటి పోయింది. బయట జనం మణికట్లు ఎత్తి చూసుకుంటున్నారు. హుసేనప్ప బొటనవేలితో తన చర్మం గట్టిగా రుద్దాడు. బూడిద రంగు లేదు. ఏ రంగూ లేదు. చౌడేశ్వరి తన చెయ్యి చూసుకుంది. కడవ లేదు, ముంత లేదు, నాన్న చెయ్యి లేదు.

“దేనితో తూచవలెను?” అని అడిగింది తక్కెడ.

అది మళ్లీ అడిగింది. మద్దిలేటి వంగి దాని మూత వేసేశాడు. లోపలినుంచి ఆ ప్రశ్న ఇంకా సన్నగా వినిపిస్తూనే ఉంది.

సుంకులమ్మ బెంచీ మీంచి లేచి, చౌడేశ్వరి దగ్గరగా వచ్చి మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో కరుణేమీ లేదు.

“ఆ పాపవు నువ్వేనా?”

“నేనే.”

“నీ గొంతు ఇట్లయిందే.”

“నలభై ఏళ్లయింది కదమ్మా. తిట్టేది ఉంటే తిట్టు.”

“తిట్టేటందుకు ఇంక ఓపిక లేదులే,” అంది సుంకులమ్మ. “నువ్వు చెప్పినందుకు అరవై ఒక్కరు లేచి రారు. అది గుర్తుపెట్టుకో.”

అప్పుడు గోడ మీద తీగఫోను మోగింది.

అందరూ అటు తిరిగారు. ఈ ఊరికి ఫోను వచ్చి ఏళ్లు దాటింది. గంట బొంగురుగా, ఆగి ఆగి మోగుతోంది. చౌడేశ్వరి కాళ్లు ఒక్కసారిగా వెనక్కి పడబోయాయి. పెరడు ఎక్కడుందా అని వెతికినట్టయింది.

“ఎత్తొద్దు మేడం,” అన్నాడు మద్దిలేటి. “ఎర్రగట్టువాళ్లే. లేకుంటే మండలి. రైలు రానీయండి, అక్కడికి పోయి ఏదో ఒకటి చెప్పుకుందాం.”

“ఎత్తు,” అంది సుంకులమ్మ. “మీ ఇంట్లో ఒకరన్నా ఎత్తల్ల గదా.”

ఆమె గోడ దగ్గరకు నడిచి రిసీవరు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఒకేసారి నలుగురు అరుస్తున్నారు. వాళ్లలో ఒకడి గొంతు పైకి తేలింది.

“ఎర్రగట్టు పేరుకాపు కార్యాలయం. ఆ చౌడేశ్వరి అనే మనిషి అక్కడ ఉందా?”

మద్దిలేటి ఎదురుగా నిలబడి, అరచెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాడు. లేదని చెప్పమని.

“ఉన్నాను,” అంది చౌడేశ్వరి.